గొళ్ళెం మీద భారం: వెబ్లీ రివాల్వర్‌కు కొన్ని ఊహా మార్పులు

(అమలాపురంలో మెకానికల్ డిప్లొమా విద్యార్థుల కోసం ఒక ఆదివారం జరిగిన సభలో, మెషిన్ డ్రాయింగ్ చెప్పి ఉద్యోగ విరమణ చేసిన అధ్యాపకుడి ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

పెద్దలకు నమస్కారం. విద్యార్థులకు ఆశీస్సులు.

బల్ల మీద ఈ బొమ్మను చూసి ముందు వరుసలో వాళ్లు కాస్త వెనక్కి జరిగారు. భయం అక్కర్లేదు. ఇది టేకు చెక్క. అసలు రివాల్వర్‌కు నాలుగింతల పరిమాణం. ఒక వైపు కోసేసి ఉంచాను, లోపలి భాగాలు కనబడాలని. దీన్ని పేల్చాలంటే ముందు దీనికి సరిపడా తూటా దొరకాలి, అది కొబ్బరి బొండంలో సగం ఉంటుంది. (నవ్వులు)

అసలు విషయంలోకి వెళ్లేముందు పిల్లలకు ఒక హెచ్చరిక. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ఉంది. లైసెన్సు లేకుండా తుపాకీ తయారు చేయడం నేరం. సరదాకు చేశాను, ప్రాజెక్టు కోసం చేశాను అంటే పోలీసులు వినరు, వినకూడదు కూడా. మీలో సగం మందికి లేతు మిషను మీద చెయ్యి తిరిగి ఉంటుంది కాబట్టి చెబుతున్నాను. ఈ రోజు మాట్లాడేదంతా కాగితం, పెన్సిలు, చెక్క. అక్కడే ఆగుతుంది. కొలతలు కూడా చెప్పను, భారం ఎటు నుంచి ఎటు పోతుందో మాత్రమే చెబుతాను.

మరి ఇన్ని యంత్రాలుండగా రివాల్వరే ఎందుకు? ఉద్యోగం చేసినన్నాళ్లూ కాటర్ జాయింటు, నకిల్ జాయింటు అనే కడ్డీల అతుకులు గీయించాను. మధ్యాహ్నం రెండు గంటల క్లాసులో కాటర్ జాయింటు అంటే మీకు తెలుసు కదా, గది గదంతా కునుకు. ఒకసారి రాట్చెట్ (ఒక వైపే తిరిగే పళ్ల చక్రం) గురించి చెబుతూ బోర్డు మీద తూటాలు పట్టే రివాల్వర్ సిలిండర్ గీశాను. వెనుక బెంచీలు కూడా లేచి కూర్చున్నాయి. గుప్పెట్లో పట్టే ఒక్క వస్తువులో లివరు, స్ప్రింగు, కీలు, క్యామ్, రాట్చెట్ అన్నీ ఉన్నాయి, అన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉన్నాయి. దేన్నైనా కొంచెం కదిపితే ఇంకోటి కదులుతుంది. డిజైన్ అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠ్యవస్తువు నాకు దొరకలేదు.

చెక్క బొమ్మతో మొదలుపెట్టినవాణ్ణి నేనే మొదటివాణ్ణి కాదు. సామ్యూల్ కోల్ట్ అనే అమెరికా కుర్రవాడు 1830లో, పదహారేళ్ల వయసులో, కోర్వో అనే ఓడలో పనివాడిగా చేరి బోస్టన్ నుంచి బయలుదేరాడు. ఆ ఓడ వెళ్లేది ఎక్కడికి? మన కలకత్తాకు. ఆ ప్రయాణంలోనే చెక్కతో రివాల్వర్ నమూనా చెక్కాడంటారు. ఓడ మీద చక్రం తిరిగి, ఒక్కో చోట కొక్కెం పడి నిలవడం చూసి ఆలోచన తట్టిందని కథ. చుక్కాని చక్రమని కొందరు, లంగరు లాగే చక్రమని కొందరు చెబుతారు. ఇంకో వాదన కూడా ఉంది. ఎలిషా కాలియర్ అనే ఆయన 1818లోనే లండన్‌లో తిరిగే సిలిండర్ ఉన్న చెకుముకి తుపాకీకి పేటెంటు తీసుకున్నాడు. వాటిలో కొన్ని భారతదేశంలోని బ్రిటిష్ సైనికుల చేతుల్లోకి వచ్చాయి. కోల్ట్ కలకత్తా రేవులో అలాంటిదాన్ని చూసి ఉండవచ్చునని. నాకు ఈ రెండో కథే నమ్మబుద్ధేస్తుంది. కొత్త ఆలోచన సముద్రంలోంచి ఊడిపడదు, ఎవరో సగం చేసి వదిలేసినదాన్ని చూస్తేనే పుడుతుంది. కాలియర్ తుపాకీలో సిలిండర్‌ను చేత్తో తిప్పాలి. కోల్ట్ ఆ తిప్పే పనిని, దెబ్బ కొట్టి పేల్చే హ్యామర్‌కు అప్పగించాడు. హ్యామర్ వెనక్కి లాగితే సిలిండర్ ఒక అర, అంటే ఒక తూటా గది, మేర తిరిగి బిగుసుకుంటుంది. 1836లో అమెరికా పేటెంటు వచ్చింది. మిగతా చరిత్ర పుస్తకాల్లో దొరుకుతుంది, దాన్ని వదిలేస్తున్నాను.

ఇక నా అభిమాన రివాల్వర్. వెబ్లీ. పాత సినిమాల్లో తెల్లదొర నడుము మీద తోలు సంచిలో, మెడలోంచి వేసుకున్న తాడుకు కట్టి వేలాడేది ఇదే. బర్మింగ్‌హామ్‌లో తయారైంది. బ్రిటిష్ సైన్యం 1887లో తీసుకుంది. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1915లో వచ్చిన ఆరో మార్కు, అంటే ఆరో నమూనా, బాగా పేరు పొందింది. ఆరంగుళాల గొట్టం, ఆరు తూటాలు, కిలోకు కాస్త పైన బరువు. గుండు లావు, వేగం తక్కువ, సెకనుకు సుమారు 190 మీటర్లు. అందం విషయంలో మాత్రం దీనికి మార్కులు వేయలేం. కోల్ట్ పక్కన పెడితే పెళ్లికొడుకు పక్కన నిలబడ్డ మేనమామలా ఉంటుంది. (నవ్వులు)

అయినా ఎందుకు ఇష్టమో చూపిస్తాను. చూడండి, ఇక్కడ ఎడమ వైపు బొటనవేలికి అందేలా ఒక మీట ఉంది. దీని పైభాగం గుర్రపు రికాబులా వంగి, గొట్టం నుంచి వెనక్కి వచ్చిన పైపట్టీ మీదుగా అడ్డంగా కూర్చుంటుంది. ఇదే గొళ్ళెం. బొటనవేలితో మీట నొక్కితే గొళ్ళెం వెనక్కి తప్పుకుంటుంది. ఇప్పుడు గొట్టాన్ని కిందికి వంచుతున్నాను. కింద ముందు భాగంలో ఉన్న కీలు మీద మొత్తం మడుచుకుంటోంది. గమనించండి, సిలిండర్ మధ్యలోంచి నక్షత్రం ఆకారంలో ఒక పళ్లెం పైకి లేస్తోంది. ఆ పళ్లెం అంచు ఆరు తూటా తొడుగుల (పేలాక మిగిలే లోహపు గొట్టాల) అంచుల కింద ఉంటుంది. కాబట్టి ఆరూ ఒక్కసారే పైకి వస్తాయి. ఇంకొంచెం వంచితే... ఇదిగో, టక్కున పళ్లెం లోపలికి పడిపోయింది. తొడుగులన్నీ కింద పడ్డాయి. ఒక్క కదలికలో తెరవడం, ఖాళీ చేయడం రెండూ అయిపోయాయి. పక్కకు తెరుచుకునే రివాల్వర్‌లో సిలిండర్‌ను బయటికి తోయాలి, తరువాత కడ్డీని వేరే నొక్కాలి. ఇక్కడ కీలే ఆ పని చేస్తుంది, కీలు పక్కన ఉన్న చిన్న లివరు ఆ కడ్డీని ఎత్తుతుంది. ఎంత పొదుపుగా ఆలోచించారో చూడండి.

గొళ్ళెంలో ఇంకో తెలివి ఉంది. అది పూర్తిగా కూర్చోకపోతే హ్యామర్ ముక్కు తూటాను తాకలేదు, దారిలో గొళ్ళెమే అడ్డుపడుతుంది. సగం మూసిన తలుపుతో తుపాకీ పేలే ప్రమాదాన్ని అదనపు భాగం ఏదీ లేకుండా తప్పించారు. ఇలాంటివి చూసినప్పుడు నాకు ఆ బర్మింగ్‌హామ్ పనివాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది.

మరి ఇంత చక్కని ఏర్పాటును ప్రపంచం ఎందుకు వదిలేసింది? గొళ్ళెం వల్లే. అమెరికాలో కోల్ట్ సంస్థ 1889లో, స్మిత్ అండ్ వెసన్ సంస్థ 1896లో సిలిండర్ పక్కకు తెరుచుకునే రకాలు తెచ్చాయి. వాటిలో ఫ్రేము సిలిండర్ చుట్టూ అతుకు లేని చట్రం. లాగితే విడిపోవడానికి కీలూ లేదు, గొళ్ళెమూ లేదు. 1935లో .357 మాగ్నం అనే శక్తివంతమైన తూటా వచ్చింది. దాని పీడనం వెబ్లీ తూటా పీడనానికి రెండింతలకు పైనే. మడత రివాల్వర్ అంతటి పీడనాన్ని ఏళ్ల తరబడి భరించలేదు. కీలు అరుగుతుంది, గొళ్ళెం వదులవుతుంది, గొట్టానికీ సిలిండర్‌కూ మధ్య సందు పెరుగుతుంది. అంతటితో దాని కథ ముగిసిందనుకున్నారు.

మన దేశంలో మాత్రం ముగియలేదు. కాన్పూర్ ఆయుధ కర్మాగారం పౌరుల కోసం చేసే .32 రివాల్వర్ వెబ్లీ వంశానిదే, కింద మడుచుకునే రకమే. 2014లో నిర్భీక్ అని టైటానియం మిశ్రమంతో అరకిలో బరువుండేది తెచ్చారు, అదీ అదే కుటుంబం. వెబ్లీ అండ్ స్కాట్ పేరుతోనే ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయీ జిల్లా సండీలాలో .32 రివాల్వర్ల తయారీ మొదలైంది. 2023లో కాన్పూర్ నుంచి వచ్చిన ప్రబల్ మాత్రం పక్కకు తెరుచుకునే రకం. అంటే గాలి మనవైపు కూడా మళ్లుతోంది. .32 పీడనం తక్కువ కాబట్టి ఇంతకాలం పాత గొళ్ళెం సరిపోయింది.

ఇప్పుడు నా పెన్సిలు పని. ఈ మడతను ఉంచుకుంటూ బలహీనతను తీసేయగలమా?

మొదట అందరూ చేసేదే నేనూ చేశాను, గొళ్ళాన్ని బలంగా గీశాను. దానికి మన కాలువల మీద పడవలను ఎత్తి దించే లాకులే దారి చూపాయి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ధవళేశ్వరం దగ్గరో, మీ ఊరి దగ్గరో లాకు తలుపులను దగ్గరికి వెళ్లి చూడండి. రెండు తలుపులూ తిన్నగా ఒకే గీత మీద కలవవు. ఎగువకు మొన తేలేలా కోణంలో కలుస్తాయి. నీరు ఎంత నెడితే అంత గట్టిగా ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి. తలుపును మూసి ఉంచుతున్నది గొళ్ళెం కాదు, తెరవాలని చూస్తున్న నీరే. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ తరువాత అల్లుకున్న కాలువల్లో పడవలు తిరిగినన్నాళ్లూ ఈ ఉపాయమే పని చేసింది. నేనూ గొళ్ళెం ముఖాన్ని కొంచెం వాలుగా గీశాను. గొట్టం ముందుకు లాగితే గొళ్ళెం కిందికి, ఇంకా లోపలికి దిగేలా. కాగితం మీద బాగుంది. తరువాత పేల్చిన ప్రతిసారీ అది మరికొంచెం బిగుసుకుంటుందని అర్థమైంది. నాలుగు డజన్ల తూటాలయ్యాక బొటనవేలితో తెరవబోతే రాదు. లాకు దగ్గర రెండు వైపులా నీటిమట్టం సమానం చేశాకే తలుపు తీస్తారు. రివాల్వర్‌లో సమానం చేసేదేది? వాలు మరీ తక్కువైతే లాభం ఉండదు, ఎక్కువైతే తెరుచుకోదు. మధ్యస్థంగా పెట్టవచ్చు, కానీ తయారీలో వెంట్రుకవాసి తేడా వస్తే ఏదో ఒక వైపు ఒరుగుతుంది. దాన్ని పక్కన పెట్టాను.

అప్పుడు ప్రశ్ననే మార్చాను. గొళ్ళెం మీద అంత భారం ఎందుకు పడుతోంది?

పేలినప్పుడు ఏం జరుగుతుంది? వాయువు తొడుగును వెనక్కి నెడుతుంది, ఆ ఒత్తిడి పిడి ఉన్న ఫ్రేము వెనుక గోడ మీద పడుతుంది. గుండు గొట్టంలో బిగుతుగా దూరుతూ గొట్టాన్ని ముందుకు ఈడుస్తుంది. గొట్టం భాగం, పిడి భాగం ఒకదాన్నుంచి ఒకటి విడిపోవాలని చూస్తాయి. వాటిని పట్టి ఉంచేవి రెండే, కింద ముందున్న కీలు, పైన వెనుకనున్న గొళ్ళెం. మొదటి సంవత్సరం లివర్ లెక్కే ఇది. భారం ఏ ఆధారానికి దగ్గరగా ఉంటే ఆ ఆధారం ఎక్కువ మోస్తుంది. వెబ్లీలో, దాదాపు అన్ని రివాల్వర్లలో, పేలేది సిలిండర్‌లో అన్నిటికంటే పైనున్న అర. గొట్టం పైన ఉంటుంది. గొళ్ళేనికి దగ్గర, కీలుకు దూరం. నేను గీసిన బొమ్మలో ఉజ్జాయింపుగా నాలుగింట మూడు వంతులు గొళ్ళెం మోస్తోంది, ఒక వంతు కీలు మోస్తోంది. గొళ్ళెం రోజూ తెరిచి మూసే భాగం, పలచని పెదవి. కీలు లావుపాటి మేకు, తన చోటు నుంచి ఎప్పుడూ కదలదు. బలహీనుడి నెత్తిన బస్తా పెట్టి, బలవంతుడి చేతికి గొడుగు ఇచ్చాం.

తిరగేయండి. పైన అర బదులు కింద అర పేలితే? గొట్టం కిందికి వస్తుంది. భారం కీలుకు దగ్గరవుతుంది. అదే బొమ్మలో గొళ్ళెం వాటా సుమారు నాలుగింట ఒక వంతుకు పడిపోయింది. గొళ్ళేనికి ఒక్క మిల్లీమీటరు ఉక్కు కలపలేదు.

కింద అర పేల్చడం నా ఆలోచన కాదు. ఇటలీలో ఎమీలియో గిజోనీ అనే ఆయన జీవితమంతా దీని మీదే పని చేశాడు. ఆయన మాటెబా రివాల్వర్లు అలాంటివే. ఆయన 2008లో పోయాడు, ఆ తరువాతి ఏడాది కియాపా సంస్థ రైనో పేరుతో ఆయన ఆలోచనను బజారులోకి తెచ్చింది. ఆయన లక్ష్యం వేరు. గొట్టం కిందికి వస్తే మణికట్టుకు దాదాపు సూటిగా ఉంటుంది, పేలినప్పుడు మూతి పైకి ఎగరడం తగ్గుతుంది. ఆయనకు కావలసింది అది. ఆయన రివాల్వర్లలో కింద మడుచుకునే కీలు లేదు కాబట్టి గొళ్ళెం బాధ ఆయనకు లేదు. నా మటుకు నాకు ఆయన మందు వెబ్లీ రోగానికి ఇంకా బాగా పనిచేస్తుందనిపిస్తోంది.

అయితే కీలు ఎక్కడుంది? సరిగ్గా గొట్టం రావాల్సిన చోటే ఉంది. (నవ్వులు) ఇక్కడే నా పెన్సిలు చాలా రోజులు ఆగిపోయింది. గొట్టాన్ని కిందికి దించితే కీలును ఇంకా కిందికి నెట్టాలి. అప్పుడు తుపాకీ పొట్ట ట్రిగ్గర్ కాపు కంటే కిందికి దిగుతుంది, సంచిలో పట్టదు. పైగా నక్షత్రపు పళ్లేన్ని ఎత్తే లివరు కూడా అక్కడే ఉంది.

బయటపడ్డ దారి ఫిరంగుల నుంచి వచ్చింది. ఫిరంగి గొట్టానికి ఇరువైపులా చెవుల్లా రెండు పొట్టి ఇరుసులు ఉంటాయి, అవి బండి మీద కూర్చుంటాయి. ఒకే మేకు గొట్టం కింద నుంచి అడ్డంగా పోదు, గొట్టమే రెండింటి మధ్యలో ఉంటుంది. అలాగే కీలును రెండుగా చీల్చి గొట్టానికి చెరో వైపు పెట్టాను. ఈ కొత్త బొమ్మలో, ఇదిగో చూడండి, భారం పోయే గీత కీలు మధ్యలోంచే పోతోంది. గొళ్ళెం మీద దాదాపు ఏమీ పడదు. ఇక దాని పనల్లా తలుపు ఊగకుండా పట్టుకోవడమే. వేలితో సులువుగా తెరుచుకునేంత మెత్తగా చేయవచ్చు.

దీనికి చెల్లించే మూల్యమూ చెబుతాను. మొదటిది వెడల్పు. రెండు వైపులా చెవులు రావడంతో ముందు భాగం లావైంది. రెండోది, హ్యామర్ కింద అరను కొట్టాలంటే ఫ్రేము లోపలే దాగి ఉండాలి, బయటికి కనిపించదు. వెబ్లీలో హ్యామర్ ఎత్తి ఉందో లేదో చీకట్లో బొటనవేలితో తడిమి తెలుసుకోవచ్చు, అది పోయింది. అయితే 1938లో బ్రిటిష్ వాళ్లే ఎన్‌ఫీల్డ్ రివాల్వర్ హ్యామర్ కొమ్మును కోసేశారు, ట్యాంకుల్లో సైనికుల దుస్తులకు, లోపలి సామానుకు తగులుకుంటోందని. కాబట్టి ఈ నష్టానికి ఏడవను. మూడోది అన్నిటికంటే ముఖ్యం. సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సందులోంచి పేలినప్పుడు వేడి వాయువు పక్కలకు చిమ్ముతుంది. సందు కిందికి వచ్చిందంటే వేళ్లకు దగ్గరైంది. దానికి ఒక రెక్క అడ్డం పెట్టక తప్పదు. ఆ రెక్క గీశాను, అది నాకు నచ్చలేదు, ఇంకా దిద్దుతున్నాను.

సందు మాట వచ్చింది కాబట్టి, దాన్నే మూసేయవచ్చు కదా అని మీరు అడుగుతారు. రష్యా సైన్యం 1895లో తీసుకున్న నాగాన్ రివాల్వర్ అదే చేసింది. హ్యామర్ లేచేటప్పుడు సిలిండర్ ముందుకు జరిగి గొట్టానికి ఆనుకుంటుంది, తూటా తొడుగు అంచు కూడా ముందుకు పొడుచుకొచ్చి సందును కప్పుతుంది. తెలివైన పనే. కానీ ఆ పనంతా చేసేది ట్రిగ్గర్ లాగే వేలు. హ్యామర్ ఎత్తకుండా లాగితే అది ఎంత గట్టిగా ఉంటుందో ప్రసిద్ధం. పైగా తూటాలను ఒక్కొక్కటిగా పక్క కిటికీలోంచి పెట్టి తీయాలి. చిటికెడు వాయువు కోసం వెబ్లీ ప్రాణమైన, ఖాళీ చేసి నింపే వేగాన్ని ఇచ్చేయడం నాకు ఇష్టం లేదు. సందు అలాగే ఉండనీ.

ఇంకొక ఊహ గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అది వెబ్లీకి నిజంగా జరిగింది, జరిపించినవాడు భారతదేశంలో పనిచేసినవాడు. జార్జ్ ఫాస్బరీ. బెంగాల్ సైన్యంలో అధికారి, 1863లో వాయవ్య సరిహద్దులో అంబేలా పోరులో విక్టోరియా క్రాస్ అనే బ్రిటిష్ వీరత్వ పతకం పొందాడు. హ్యామర్ ముందే ఎత్తకుండా పేల్చాలంటే ట్రిగ్గర్ బరువుగా ఉంటుంది. తుపాకీ పేలినప్పుడు వెనక్కి తన్నే శక్తి ఊరికే పోతోంది కదా, దానితోనే సిలిండర్ తిప్పించి, హ్యామర్ ఎత్తించకూడదా అన్నాడు. 1895లో పేటెంటు తీసుకున్నాడు, 1901లో వెబ్లీ ఫాస్బరీ బజారులోకి వచ్చింది. గొట్టం, సిలిండర్ కలిసి ఫ్రేము మీద రైలు పట్టాల మీద పెట్టెలా వెనక్కి జరుగుతాయి. సిలిండర్ చుట్టూ ముగ్గులా వంకర టింకర గాడి కోసి ఉంటుంది, ఫ్రేములోని ఒక పొట్టి మేకు ఆ గాడిలో నిలబడి ఉంటుంది. వెనక్కి జరిగేటప్పుడు సగం, ముందుకు వచ్చేటప్పుడు సగం, సిలిండర్ తిరుగుతుంది. ఈ గాడి నడకను మీరు ఒకసారి గీసి చూడండి, పరీక్షలో వచ్చే క్యామ్ ప్రశ్నల కంటే ఎక్కువ నేర్పుతుంది.

గురిపోటీల్లో అది గొప్పగా పేల్చింది. యుద్ధంలో బురద దొరికింది. గాడిలో బురద చేరితే సిలిండర్ ఆగిపోతుంది. చేతిని గట్టిగా బిగించకపోయినా పూర్తిగా వెనక్కి జరగదు. ఫాస్బరీ ఒక బలహీనతను తీసి రెండు పెట్టాడు. ఆయన్ను తక్కువ చేయడం లేదు, అంత అందమైన గాడి నేను ఇంతవరకు గీయలేదు. కానీ నా బొమ్మలో గాడి ఉండదు. మన నేల బురద గురించి మీకు నేను చెప్పాలా?

ఇక తుప్పు. మా ఊళ్లో ఒక పెద్దాయనకు లైసెన్సు ఉన్న .32 ఉండేది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషన్లో అప్పగించి, అయ్యాక తెచ్చుకునేవారు. ఒకసారి సంచిలోంచి తీసి చూపించారు. సిలిండర్ మీద తోలు తగిలిన మేర గోధుమరంగు పట్టీ, మిగతా భాగం నల్లగా బాగానే ఉంది. తోలు తేమను పట్టి ఉంచుతుంది. ఉప్పు గాలి, జూన్ నుంచి నవంబరు దాకా ఆరని గోడలు, అందులో తోలు సంచి. పైగా ఆయన కొబ్బరినూనె రాసేవారు. కోనసీమలో మరి ఏది రాస్తారు? డిసెంబరులో పొద్దున్నే ఆ నూనె పేరుకుని, స్ప్రింగు చుట్టూ తెల్లగా కనిపించింది. హ్యామర్ బద్ధకంగా పడింది.

కాబట్టి నా వెబ్లీ స్టెయిన్‌లెస్ స్టీలుతో ఉంటుంది. స్మిత్ అండ్ వెసన్ 1965లోనే ఆ పని మొదలుపెట్టింది. అయితే ఒకే రకం స్టెయిన్‌లెస్ ముక్కలు రెండు రాసుకుంటే ఒకదాన్నొకటి పట్టుకుని పీక్కుంటాయి, కాబట్టి కీలుకు, చెవులకు వేర్వేరు రకాల ఉక్కు వాడాలి. లోపల వెబ్లీది వి ఆకారపు ఆకు స్ప్రింగు, వంపు దగ్గర విరిగితే తుపాకీ మూగబోతుంది. దాని బదులు చుట్ట స్ప్రింగు పెడతాను. ట్రిగ్గర్‌కూ హ్యామర్‌కూ మధ్య, వేలు పూర్తిగా లాగినప్పుడే దెబ్బను అందించే చిన్న పట్టీ ఉండాలి, కింద పడినా పేలకుండా. అమెరికాలో 1944లో ఓడ మీద కింద పడిన రివాల్వర్ పేలి ఒక నావికుడు చనిపోయాకే స్మిత్ అండ్ వెసన్ తన రివాల్వర్లలో హ్యామర్‌ను ఆపే అడ్డుపట్టీని మార్చింది. దీనిలో వాదనకు చోటు లేదు.

సరే, ప్రశ్నలు అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, నిర్భీక్ అరకిలోనే అన్నారు. ఆడవాళ్లకు తేలికగా ఉంటే మంచిది కదా?)

మోయడానికి మంచిది అమ్మా, పేల్చడానికి కాదు. అదే తూటాకు బరువు తగ్గితే చేతికి తగిలే దెబ్బ పెరుగుతుంది. .32 కాబట్టి పరవాలేదు. ఇక రక్షణ కోసం కొనుక్కోమంటారా అంటే, నేను చెప్పను. వచ్చిన రోజునే దాని ధర లక్ష రూపాయలు దాటింది. బస్సు దిగి చీకట్లో ఇంటికి నడిచే అమ్మాయికి కావలసింది వీధి దీపం, వెంటనే పలికే పోలీసు ఫోను. రివాల్వర్ డిజైన్‌తో తీరే సమస్య కాదది.

(ఒక విద్యార్థి: పళ్లెం కింద తొడుగు ఇరుక్కుంటుందని చదివాను సార్.)

మంచి ప్రశ్న బాబూ, దాన్ని దాటేశాను. నెమ్మదిగా తెరిస్తే పళ్లెం లేచినప్పుడు ఒక తొడుగు అంచు జారి కింద పడుతుంది. తొడుగు లోపల, పళ్లెం దాని మీద. ఇక మూతపడదు. మూతిని పైకి ఎత్తి, ఒక్క విసురుతో తెరవడం పాత వాళ్ల మందు. ఫాస్బరీ .38లో ఎనిమిది తూటాలను ఒక పలచని చక్రానికి గుచ్చి పెట్టేవారు, అన్నీ కలిసే వస్తాయి, ఒక్కటీ జారదు. నా బొమ్మలో కూడా అదే వాడాలని ఉంది. అయితే ఆ చక్రం వంగితే సిలిండర్ తిరగదు. ఎంత మందంగా ఉండాలన్నది ఇంకా తేలలేదు.

(అదే విద్యార్థి: పళ్లెం లేచే ఎత్తు పెంచితే సరిపోదా?)

పెంచాలంటే లివరు చెయ్యి పొడుగవ్వాలి. లివరు ఇప్పుడు ఎడమ చెవి పక్కన ఇరుకులో ఉంది. కుడి చెవి వైపు కొంచెం చోటుంది కానీ అక్కడికి మారిస్తే కడ్డీ వాలుగా లాగబడుతుంది. నువ్వు ఇలా రా, పెన్సిలు ఇస్తాను, ఆ మూల నువ్వే గీసి చూపించు. మిగతావాళ్లు టీ తాగండి.